చదివి పెట్టిన సంతకం

ఇప్పటికీ ఎవరో ఒకరు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీలో నాకు సీటు ఎలా వచ్చిందో చెప్పమంటారు. వాళ్లు వినాలనుకునేది నాకు బాగా తెలుసు. రోజుకి ఎన్ని గంటలు చదివాను, ఏ పుస్తకాలు చదివాను, వీధి దీపం కింద చదివానా, కడుపు మాడ్చుకుని చదివానా. వాళ్లని నిరాశపరచక తప్పదు. మాది కంపెనీ క్వార్టరు, కరెంటు పోయేది కాదు. అమ్మ మూడు పూటలా అన్నం పెట్టేది. లెక్కలు నాకు వచ్చు. పరీక్ష నాకు పెద్ద కష్టం అనిపించలేదంటే పొగరు అనుకుంటారు, అనుకోనీండి. నన్ను ఏడిపించింది పరీక్ష కాదు, రూపాయి బిళ్లంత రబ్బరు ముద్ర.

డెబ్బైల చివరి సంగతి. జంషెడ్‌పూర్ అప్పటికి బీహార్లో ఉండేది. మా ఇల్లు గోల్‌మురిలో. నాన్న రేకుల మిల్లులో పనిచేసేవాడు. కొలిమిలోంచి ఎర్రగా వచ్చే రేకుని పట్టకారుతో పట్టి రోలర్ల మధ్యకి తోయడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లి కాకముందే వచ్చేశాడు. నేను పుట్టింది, పెరిగింది, కొట్లాడింది అంతా ఇక్కడే. తెలుగు స్కూల్లో తెలుగూ, వీధిలో హిందీ నేర్చుకున్నాను. అమ్మ తెలుగులో తిడితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని.

నాకు ఇంజినీరింగ్ చదవాలని ఉంది. ఆ మాట పైకి అన్న రోజు నుంచి నాకొక విషయం తెలిసొచ్చింది. నేను ఏ రాష్ట్రానికీ చెందను. బీహార్ కాలేజీలకి నివాస ధ్రువపత్రం కావాలి, దాని కోసం వెళ్తే మీరు మద్రాసీలు, మీ ఊరి నుంచి తెచ్చుకోండి అన్నారు. ఆంధ్రాలో అడిగిస్తే పిల్ల ఇక్కడ ఒక్క ఏడాదైనా చదవలేదు, స్థానికురాలు కాదు అన్నారు. పదిహేడేళ్లు బతికాక నువ్వెక్కడా లేవని రెండు ప్రభుత్వాలూ చెప్తే ఒళ్లు మండదా మరి.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మేడం అప్పుడు నన్ను పిలిచి ఒక నోటీసు చూపించారు. దేశం మొత్తానికి ఒకే పరీక్ష. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కాలేజీలు, లక్షల్లోంచి కొద్దిమందిని ఏరుకుంటారు. అందులో ఒకటి మాకు రైల్లో మూడు గంటల దూరం. "ఆడపిల్లలు ఏడాదికి నలుగురైదుగురు కూడా చేరరు" అని హెచ్చరించి, తర్వాత మెల్లగా అన్నారు, "కానీ వీళ్లు నువ్వెక్కడి దానివని అడగరు." అందరూ కష్టమని భయపడే తలుపొక్కటే నాకు తీసి ఉంది. సులువైనవన్నీ మూసేశారు కనక నేను కష్టమైనదాంట్లోకే వెళ్లాలి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

ఇంట్లో చెబితే అమ్మ ముందు నమ్మలేదు.

"ఆడగుంటవి, నీకు ఇంజినీరు సదువేటే? అక్కడందరూ మగోలే ఉంటారట గదా."

"తో క్యా హువా?" అన్నాను. ఉంటే ఏమైంది అని.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి గోడకి సైకిలు ఆనిస్తున్నాడు. తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ, "రాయనీ. రాత్తే ఏటి పోయింది?" అన్నాడు. మా ఇంట్లో అనుమతి అంటే అంతే.

దరఖాస్తుకి మెట్రిక్ సర్టిఫికెట్టు, మార్కుల జాబితా నకళ్లు జత చెయ్యాలి. ఇప్పటిలా జెరాక్స్ మిషన్లు వీధివీధికీ లేవు. సాక్చీ బజార్లో టైపు కొట్టేవాడి దగ్గర కూర్చుని, అసలు చూసి అక్షరం అక్షరం కొట్టించుకోవాలి. కింద ఒక ఆఫీసరు 'ఇది నిజమైన నకలు' అని రాసి సంతకం పెట్టాలి. గెజిటెడ్ ఆఫీసరు చేత పెట్టించాలని ఫారంలో స్పష్టంగానే ఉంది.

గెజిటెడ్ అంటే పెద్ద ఆఫీసరు అని మేం అర్థం చేసుకున్నాం. నాన్నే కాదు, నేనూ అలాగే అనుకున్నాను. ఇంకే ఊళ్లో వాళ్లయినా ఈ తప్పు చేసేవాళ్లు కాదు. కానీ మా ఊళ్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు కంపెనీవి. దీపం, రోడ్డు, రోడ్డు ఊడ్చే మనిషి, పురుడు పోసే ఆసుపత్రి, అన్నీ కంపెనీవే. ప్రభుత్వం అంటే మాకు పోస్టాఫీసూ, రేడియోలో వార్తలూ. ఇక పెద్ద ఆఫీసరంటే కంపెనీ సాబు కాకుండా ఇంకెవరుంటారు?

నాన్న డిపార్టుమెంటు సాబు కద్మా బంగళాల్లో ఒకదాంట్లో ఉండేవారు. ఒక ఆదివారం పొద్దున నాన్న పెళ్లిళ్లకి మాత్రమే వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాడు. గేటు దగ్గర సైకిలు దిగి, లోపలి దాకా దాన్ని నడిపించుకుంటూ వెళ్లాడు. గంటసేపు మెట్ల కింద నిలబడ్డాక సాబు చేతిలో పేపరుతో వరండాలోకి వచ్చారు.

"హా, తుమ్హారీ బేటీ? బహుత్ అచ్ఛా" అన్నారు. మంచి మనిషే, నవ్వు ముఖం. సంతకానికి జేబులోంచి పెన్ను తీశారు. వరండాలో బల్ల లేదు. నేను లోపల బల్ల ఉందేమోనని చూస్తున్నాను. ఈలోగా నాన్న వెనక్కి తిరిగి నడుం వంచాడు. ఎవరూ చెప్పలేదు, తనే వంగాడు. సాబు కాగితాలు నాన్న వీపు మీద పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ఆరు సంతకాలు చేశారు. చేస్తూ చేస్తూ నాతో మాట్లాడుతూనే ఉన్నారు, ఆడపిల్లలు చదువుకోవాలి, దేశం మారుతోంది అని. చివర్లో, "మేరా సైన్ హై, కహీఁ భీ చలేగా" అన్నారు. తన సంతకం ఎక్కడైనా చెల్లుతుందని.

నాకు చెంపలు వేడెక్కాయి. తిరుగు దారంతా పక్కకి తిరిగి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. నాన్న మాత్రం ఈల వేసుకుంటూ తొక్కాడు. ఆ కాగితాలు ఆ పూట దేవుడి పటం ముందు ఉన్నాయి. మర్నాడు రిజిస్టర్ పోస్టులో వెళ్లాయి.

మూడు వారాలకి వెనక్కి వచ్చాయి. అదే కవరు లోపల, ఆరు సంతకాల పక్కనా ఎర్ర సిరాతో అడ్డగీతలు. గెజిటెడ్ ఆఫీసరు సంతకం కాదు, ఫలానా తేదీ లోపల సరిచేసి పంపకపోతే దరఖాస్తు చెల్లదు అని ఒక చీటీ. ఆ తేదీకి తొమ్మిది రోజులే ఉంది.

నాన్న ఆ ఎర్ర గీతల్ని వేలితో తడిమి చూశాడు. "సాబు సంతకం కొట్టేసినారేటే? సాబు కన్నా పెద్దోడెవుడే ఈ ఊర్లో?"

ఆ ప్రశ్న తీసుకుని మేడం దగ్గరికి పరిగెత్తాను. ప్రభుత్వ గెజిట్లో పేరు అచ్చయిన ఉద్యోగినే గెజిటెడ్ అంటారని ఆవిడ చెప్పారు. జడ్జీలు, సర్కారు డాక్టర్లు, రైల్వేలో పై ఆఫీసర్లు. మీ సాబు ఎంత పెద్ద బంగళాలో ఉన్నా, మీ నాన్న లాగే కంపెనీ నౌకరే అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. ఇరవై ఏళ్లుగా ఆయన నమ్మిన దొంతర మొత్తం ఒక్క చీటీతో కదిలిపోయింది మరి. నాకు మాత్రం, నిజం చెప్తున్నాను, లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. ఆ వీపు మీద పెట్టిన సంతకం చెల్లనందుకు.

ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. సంతకం లేకపోతే నా సీటూ లేదు.

అమ్మకి వరసకి అన్నయ్య ఒకాయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్. నేను మావయ్యా అనేదాన్ని. ఆయన మమ్మల్ని స్టేషను పక్కనున్న ఒక ఆఫీసరు గదికి తీసుకెళ్లాడు. ఆఫీసరు కాగితాలు ముట్టుకోలేదు. నన్ను చూసి, నాన్నని చూసి, ఎవరీ పిల్ల అని మావయ్యని అడిగారు. నువ్వు నాకు తెలియవు కదా, తెలియని మనిషికి సంతకం ఎలా పెడతాను అన్నారు. తర్వాత మెత్తగా సలహా ఒకటి ఇచ్చారు. అక్కడ మగపిల్లల మధ్య ఏం చేస్తావు, టీచర్ ట్రైనింగు ఫారం తీసుకురా, దాని మీద ఇప్పుడే పెడతాను అని.

"టీచర్ ట్రైనింగు ఫారం మీద అయితే నేను మీకు తెలుస్తానా సర్?" అన్నాను.

మావయ్య టోపీ సర్దుకున్నాడు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "చుప్ కర్" అన్నాడు, నోరుముయ్యమని. నాన్న నాతో హిందీలో మాట్లాడడం అదే మొదటిసారి. పరాయివాళ్ల ముందు పరాయి మనిషిలా కసరడానికి ఆయనకి హిందీ కావాల్సి వచ్చింది.

బయటికొచ్చాక ఆయనతో గొడవేసుకున్నాను. "నేను తప్పేం మాట్లాడాను? ఎందుకు ఆపావు?"

"ఆపకపోతే ఏటి సేత్తానే. ఆయనకి కోపమొత్తే మీ మావయ్య నవుకరీ ఏటవుద్ది? నోరుంది గదాని ఎవుల్ని పడితే ఆల్ని అనేత్తావేటి?"

"నువ్వు వంగావు గదా, ఏమొచ్చింది మరి? గీత కొట్టి పంపించారు."

అనకూడని మాట. అనేశాను. నాన్న సైకిలు స్టాండు తీశాడు. వెనక కూర్చోమని కూడా అనలేదు. నేనే వెళ్లి కూర్చున్నాను. గోల్‌మురి దాకా ఆయన వీపు చూస్తూనే కూర్చోవాల్సి వచ్చింది, నాకు అంతకంటే పెద్ద శిక్ష అక్కర్లేదు.

మర్నాడూ ఆ మర్నాడూ సర్కారు కచేరీ చుట్టూ తిరిగాం. గుమస్తా కిటికీలోంచే అడిగాడు, మద్రాసీలా అని. ముందు నివాస ధ్రువపత్రం తెండి, తర్వాత సాబు చూస్తారన్నాడు. నేను మెట్రిక్ పాసైన కాగితం నిజమో కాదో చెప్పడానికి నా ఇల్లు ఎక్కడైతే ఏమిటి? అడిగాను కూడా. కిటికీ తలుపు దించేశాడు. ప్రభుత్వ స్కూలు హెడ్‌మాస్టరు ఒకాయన పెడతారని ఎవరో చెబితే వెళ్లాం, ఆయన సెలవుల్లో ఊరెళ్లారు. ఆరు రోజులు గడిచిపోయాయి.

ఆ సాయంత్రం అమ్మ ఆవుకి కుడితి పెట్టి వచ్చింది. క్వార్టరు వెనక రేకుల పందిట్లో మాకొక ఆవు ఉండేది. కంపెనీవాళ్లు ఒప్పుకోరు, అయినా మా క్వార్టర్ల లైన్లో సగం మంది పెంచుకునేవాళ్లు. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను గడపలో. అమ్మ చేతులు కడుక్కుంటూ మామూలుగా అంది, "మావా, మనావుకి సూదేసినాడు గదా ఆ డాక్టరుబాబు, ఆయన గవర్మెంటోడు కాదేటి?"

అమ్మకి నాన్న సొంత మేనమామ. పెళ్లయి ఇన్నేళ్లయినా అలాగే పిలిచేది.

నాన్న అర్థం కానట్టు చూశాడు. "పసువుల డాక్టరా?"

"ఆయనకి గుండ్రం ముద్దరుంది. దూడకి సీటీ రాసినప్పుడు కొట్టినాడు. నాను సూసినాను."

"పసువుల డాక్టరు సంతకం ఎట్టి పంపితే నవ్వుతారే."

"నవ్వితే నవ్వుతారు. ముద్దరయితే ముద్దరే గదా. ఇప్పుడెవులు ఏడిపించనేదు నిన్ను?"

చదువురాని మా అమ్మ ఆరు రోజులుగా మేం తిరుగుతున్న చోట్లన్నీ వింటూనే ఉంది. ఎవరి పేరు గెజిట్లో పడుతుందో మేడం చెప్పింది నేను ఇంట్లో ఒకసారి చెబితే, ముగ్గురిలో అమ్మొక్కతే దాన్ని సరిగ్గా పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ వెళ్లాం. సీతారాండేరా వైపు, రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది ఆ పశువైద్యశాల. నాన్నకి డ్యూటీ. నాలుగు మేకలూ, ఒక కుంటి ఎద్దూ, ఒక గేదె ఉన్నాయి వరసలో. మేం గేదె వెనక నిలబడ్డాం. మా వంతు వచ్చాక డాక్టరు, "జానవర్ కహాఁ హై?" అన్నారు. పశువేదీ అని.

"పశువు లేదు సర్. నేనే" అన్నాను. ఆయన నవ్వలేదు. నేను హిందీలో తిన్నగా అడిగేశాను, మీరు గెజిటెడ్డా అని.

"ఈ ప్రశ్న నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇక్కడికొచ్చే వాళ్లకి నేను గెజిటెడ్ అయినా ఒకటే, కాకపోయినా ఒకటే" అన్నారు. అని, అవును, గెజిటెడ్డే అన్నారు.

ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు. తువ్వాలుతో తుడుచుకున్నారు. అసలు కాగితాలు అడిగారు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదవి. ఒక చేతి వేలు అసలు మీదా, ఇంకో చేతి వేలు నకలు మీదా పెట్టి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టారు. పేరు, నాన్న పేరు, రోల్ నంబరు. వెనక మేకలవాడు సణుగుతున్నాడు. ఆయన పట్టించుకోలేదు. ఉన్నట్టుండి వేళ్లు రెండూ ఆగిపోయాయి.

"నీ వయసెంత?"

"పదిహేడు."

"ఈ కాగితం ఇరవై ఏడంటోంది."

వంగి చూశాను. టైపు కొట్టినవాడు పుట్టిన సంవత్సరంలో ఒక అంకె తప్పు కొట్టాడు. పరీక్షకి వయసు పరిమితి ఉంది. ఇరవై ఏడంటే, కాలేజీవాళ్లు చూసిన రోజున దరఖాస్తు నేరుగా చెత్తబుట్టలోకే. నేను పక్కన కూర్చుని కొట్టించాను, నేను చూడలేదు. దాని కింద 'ఇది నిజమైన నకలు' అని రాసి సాబు సంతకం చేశారు, ఆయనా చూడలేదు. కాలేజీవాళ్లు సంతకం ఎవరిదో చూశారు గానీ సంతకం దేని మీద ఉందో చూడలేదు. ఈ గుండ్రటి ముద్ర గొడవే రాకపోయుంటే నా పని అయిపోయేది.

"ఏటైందే?" అంది అమ్మ.

"నాకు ఇరవై ఏడేళ్లని కొట్టాడమ్మా టైపువాడు."

"ఓలమ్మ. అప్పటికి నాను గౌన్లేసుకుని తిరుగుతన్నాను" అంది అమ్మ. డాక్టరుకి తెలుగు రాదు. అయినా మా ముఖాలు చూసి అప్పుడు నవ్వారు.

మళ్లీ టైపు చేయించడానికి టైము లేదని చెప్పాను. ఆయన తప్పు అంకెని ఒక గీతతో కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, దాని మీద కూడా ముద్ర కొట్టారు. దిద్దుబాటు దిద్దినవాడి సంతకంతో ఉంటే చెల్లుతుంది, రూలు అలాగే ఉంది అన్నారు. మిగతా కాగితాలు కూడా చివరి అక్షరం దాకా చదివారు. ఫోటో చూసి నన్ను చూసి, మళ్లీ ఫోటో చూశారు. ఆరు సంతకాలకి అరగంట పట్టింది. నేను దణ్ణం పెట్టబోతే, అది అక్కర్లేదు, ఆ మేకని రానివ్వు అన్నారు.

నాన్న పోస్టుని నమ్మలేదు. మర్నాడు డ్యూటీ మానేసి, రైలెక్కి, తనే ఆ కాలేజీ ఆఫీసులో ఇచ్చి, రసీదు తెచ్చాడు.

పరీక్ష రాశాను. పాసయ్యాను. ఆ రెండు మాటల మధ్య అయిదు నెలల చదువుంది, దాని గురించి చెప్పాల్సిందేమీ లేదు, అందరూ చదివినట్టే చదివాను. ర్యాంకు కాగితం వచ్చిన రోజు లైన్లో ప్రతి ఇంటికీ అమ్మ తనే వెళ్లి చెప్పింది. ఆడగుంటకేల అన్నవాళ్ల ఇంటికి ముందు వెళ్లింది.

మిల్లులో సాబుకి కూడా తెలిసింది. నా సంతకంతోనే వెళ్లింది ఆ ఫారం అని ఆయన నలుగురిలో అన్నారట. నాన్న కూడా అక్కడే ఉన్నాడట. మీరు పెట్టింది కొట్టేశారని ఎందుకు చెప్పలేదని నేను ఎగిరాను.

"అననీయే. ఆయనలాగ అన్నంత మాత్రాన నీ ర్యాంకు మారిపోద్దేటి?" అన్నాడు నాన్న. ఆయన మీద నాకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి మాట జారకుండా పళ్లు బిగబట్టుకున్నాను.

ర్యాంకు వస్తే సీటు వచ్చినట్టు కాదు. కాలేజీకి వెళ్లి ఇంటర్వ్యూలో నిలబడాలి. కాగితాలు చూసి, ఏ బ్రాంచి కావాలో అడిగి, ర్యాంకు వరసలో సీట్లిస్తారు. వంతు తప్పితే, మనం తిరిగొచ్చేసరికి ఏం మిగిలితే అదే, మిగలకపోతే లేదు. నాన్నా నేనూ పొద్దున బండికి వెళ్లాం. ఆయన ఒంటి మీద అదే తెల్ల చొక్కా. పొడవాటి హాలు, గోడ వెంట కుర్చీల్లో దాదాపు అందరూ మగపిల్లలే. నన్ను చూసి కొందరు ఎవరి చెల్లెలో అనుకున్నారు. నా నంబరు పిలిచాక లేస్తే, అప్పుడు చూపులు మారాయి.

బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు ఛైర్మన్, ఒక పక్క యువ ప్రొఫెసరు, ఇంకో పక్క ఫైళ్లు చూసే ఆఫీసాయన. ఆడపిల్లలతో తండ్రులు రావచ్చన్నారు కనక నాన్న నా వెనక నిలబడ్డాడు. ఆఫీసాయన నా ఫైలు విప్పి, ముద్ర దగ్గర కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. ముఖమంతా నవ్వు పాకింది.

"వెటర్నరీ" అని పైకి చదివాడు ఇంగ్లీషులో. "ఈ అమ్మాయికి టీకాలు కూడా వేయించారా?"

యువ ప్రొఫెసరు నవ్వాడు. వెనక కుర్చీల్లోంచి కూడా నవ్వులు వినిపించాయి.

"ఆయన గెజిటెడ్ ఆఫీసరు సర్" అన్నాను.

ఆఫీసాయన పేజీ తిప్పాడు. ఈసారి నవ్వు పోయింది. "పుట్టిన సంవత్సరం దిద్దారు. ఇలాంటివి చాలా చూశాం. వయసు తగ్గించుకోవడానికి అందరూ చేసే పనే. కొత్త నకలు తీసుకురా, మంచి ఆఫీసరు చేత సంతకం పెట్టించుకుని. రేపు సాయంత్రానికి."

"రేపటికి నా వంతు దాటిపోతుంది సర్. అసలు సర్టిఫికెట్టు మీ చేతి కిందే ఉంది. రెండూ చదివి చూడండి."

"రేపు" అన్నాడు ఆయన. నా ఫైలు మూసి, బల్ల చివరికి తోసి, తర్వాతి నంబరు పిలిచాడు.

తర్వాతి కుర్రాడు లేచాడు. నేను కదల్లేదు. కదిలితే అయిపోతుందని తెలుసు, కదలకుండా ఎంతసేపు నిలబడగలనో తెలీదు. ఇన్ని రోజులు వాగిన నోరు, అవసరమైనప్పుడు ఒక్క మాట కూడా పలకలేదు. ఏడిస్తే ఇంకా నవ్వుతారని కళ్లు పెద్దవి చేసి బల్ల వైపే చూస్తున్నాను.

నాన్న నా పక్కనుంచి ముందుకొచ్చాడు. బల్ల చివరికి వెళ్లి, ఎవరినీ అడక్కుండా నా ఫైలు తీసుకుని, ఛైర్మన్ ముందు పెట్టి విప్పాడు. రేకులు పట్టిన చెయ్యి, వేళ్ల మీద కాలిన మచ్చలు. ఆ వేలు సరిగ్గా దిద్దిన అంకె పక్కన ఆనించాడు. ఆయన హిందీ వీధి హిందీ, మర్యాదలు పెద్దగా ఉండవు. ఆ రోజు మాత్రం ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

"సాబ్. బడే సాబ్ నే బినా పఢే సైన్ కియా. జానవర్ డాక్టర్ నే పఢ్‌కే కియా. ఆప్ భీ పఢ్ లీజియే."

పెద్ద సాబు చదవకుండా సంతకం పెట్టారు. పశువుల డాక్టరు చదివి పెట్టారు. మీరూ ఒకసారి చదవండి.

ఆఫీసాయన ఏదో అనబోయాడు. ఛైర్మన్ చెయ్యెత్తి ఆపారు. కళ్లజోడు పెట్టుకుని, అసలు కాగితం తీసుకుని నకలు పక్కన పెట్టారు. పెన్సిలు కొసతో వరస వెంట వరస దిగారు. హాలు అంతా ఎదురుచూస్తోంది. నాన్న చేతులు కట్టుకోలేదు, తల దించలేదు, బల్లకి అటుపక్క ఆయన ఏ వరసలో ఉన్నారో చూస్తూ నిలబడ్డాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. సీటు గురించి కాదు. ఆ రోజు స్టేషను దగ్గర నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఇక దారి లేదని, ఆయన కోసం నేనది తీసుకోనక్కర్లేదని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

"సరిగ్గా ఉంది" అన్నారు ఛైర్మన్. ముద్రనీ పొట్టి సంతకాన్నీ మళ్లీ ఒకసారి చూసి, "చాలా సరిగ్గా ఉంది" అన్నారు. నన్ను ఏ బ్రాంచి కావాలని అడిగారు.

"మెటలర్జీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆడపిల్లలు ఎలక్ట్రానిక్సు తీసుకుంటారు సాధారణంగా అని యువ ప్రొఫెసరు అన్నాడు. మెటలర్జీ అని మళ్లీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఆఫీసాయన సీటు కాగితం నింపి, ముద్ర కొట్టి, నా వైపు చూడకుండా ఇచ్చాడు. నేను అందుకుని మడత పెట్టబోయాను.

"ఉండు" అన్నాడు నాన్న. "ముందు సదువు."

"బయటికెళ్లి చదువుకుందాం నాన్నా. వెనక వాళ్లు నిలబడ్డారు."

"నిలబడనీ. మొత్తం సదివినాకే ఎల్దాం."

బల్ల ముందే నిలబడి, పేరు దగ్గర్నుంచి తేదీ దాకా ప్రతి వరసా ఆయనకి పైకి చదివి వినిపించాను. పుట్టిన సంవత్సరం రెండుసార్లు చదివించాడు. వాళ్లు ముగ్గురూ ఆగారు.